ఏడో నంబరు గది

నాగలాపురం దాటినాక ఆటో అబ్బోడు దించేసి
"డ్యామంటే ఇదే సార్" అన్నాడు.
నీళ్లెక్కడని అడగబోయి ఊరుకున్నాను.
ఎదురుగా ఐదు గేట్లు
అప్పడగడానికి వచ్చిన చుట్టాల్లా
నోళ్లు మూసుకుని నిలబడున్నాయి.

బంగళాకి కాపలా చెంగల్రాయుడు.
మొలతాడుకి తాళపుచెవుల గుత్తి,
గుత్తిలో పదకొండు.
గదులేమో మూడే.
"మిగతావి?"
"అవి కట్టనే లేదు సార్.
బీగాలు ముందొచ్చేసినాయి."

ఒకటో నంబరు పెద్దింజనీరుది.
ఎప్పుడో వస్తాడని
నెలకోసారి దుప్పటి ఉతికి పరుస్తాడు.
రెండోది నాకు, రోజుకు నూటయాభై,
ఫ్యాను తిరిగితే రెండొందలు.
మూడోదాన్లో సిమెంటు మూటలు
తడిసి, గట్టిపడి,
ఒకదాని మీద ఒకటి తలలు వాల్చి
ఎవరూ లేపలేని నిద్రలో ఉన్నాయి.

నా పని ఒండు కొలవడం.
ఇనుప గొట్టం దించి, తీసి,
ఏడాదికెంత మట్టి ఇక్కడ దిగబడిందో
నోటుబుక్కులో రాసుకోవడం.
నీళ్లు వస్తాయి, పోతాయి.
మట్టి మాత్రం వచ్చిందంటే
మళ్లీ మూట కట్టదు.

పొద్దుగూకినాక కట్ట మీంచి చూస్తే
ఎండిన కడుపులో నాలుగు మంటలు.
చెంగల్రాయుడు బీడీతో చూపించాడు.
"అది గొర్రెలోళ్లది. మేత అయిపోతే లేస్తారు.
ఆ టార్పాలిన్ కింద చేపల కాంట్రాక్టరు మనుషులు,
చేపల్లేవు, కూలి బాకీ వుండాది, అందుకని వుండారు.
ఆ గుడారం తిరుపతి పిలకాయలది,
చుక్కలు చూడను వచ్చినారంట,
వాళ్ల మిద్దె మీద లేనట్టు."
"నాలుగోది?"
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"అది మునిలచ్చిమి.
ఆయమ్మ బసకి రాలేదు సార్,
ఇంట్లో వుండాది."

మర్నాడు గొట్టం భుజాన వేసుకుని అటే పోయాను.
నలభై దాటిన మనిషి, మోకాళ్లదాకా మట్టి.
ఒండు మీద దోస పాదులు, పుచ్చ పాదులు,
నడుమ బోదగడ్డి గుడిసె.
గుడిసెకి మాత్రం టేకు తలుపు,
ఇత్తడి గుబ్బలు, గడప, గొళ్లెం.
గోడలు ఏటేటా నీళ్లు తింటాయి,
తలుపు మాత్రం ఆమె తలమీద గట్టెక్కుతుంది,
మళ్లీ నీళ్లు తగ్గితే
ముందు తలుపు దిగుతుంది,
దాని వెనక ఇల్లు.
గొళ్లానికి వేలాడుతూ
ఒక సర్కారు తాళం,
రేకుబిళ్ల మీద అంకె: ఏడు.

నేను గొట్టం ఎత్తగానే అడ్డమొచ్చింది.
"ఆడ పొడవద్దు సామీ, నిన్ననే గింజ పెట్టినాను."
ఆ చోటు ఖాళీగా వదిలేశాను.
ప్రాజెక్టు లెక్కలో
ఒక గుంట లోతు తెలియదు ఇప్పటికీ.

నాలుగో రాత్రి కొండల మీద మెరిసింది.
ఫ్యాను ఎట్లాగూ తిరగదు, వరండాలో పడుకున్నాను.
చెంగల్రాయుడు చెప్పు లేకుండా
టార్చి పట్టుకుని కట్ట దిగిపోయాడు.
చాలాసేపటికి
చీకట్లోంచి ఒక తలుపు నడిచొచ్చింది,
కింద ఆయన కాళ్లు,
వెనక ఆమె, చాపచుట్ట, సట్టి, కొడవలి.
తలుపును బంగళా గోడకి ఆనించారు.
ఎవరూ ఏమీ మాట్లాడలేదు.
ఆమె ఒకటో నంబరు కేసి చూడను కూడా చూడలేదు,
తలుపు పక్కనే చాప పరుచుకుంది.

వాన పడలేదు.
తెల్లారి తలుపు మళ్లీ దిగింది.
"ఈ ఏడు ఇది మూడోతూరి" అన్నాడు చెంగల్రాయుడు,
మెడ రుద్దుకుంటూ.

పోయే ముందు రిజిస్టరులో సంతకం అడిగాడు.
పేజీలు తిప్పితే
రెండో నంబరు కింద నాలాంటి వాళ్లు,
మూడు ఊళ్లు, నాలుగు పనులు, వంకర సంతకాలు.
ఏడో నంబరు కింద ఏటా ఒకే పేరు,
చెంగల్రాయుడి చేతిరాత.
ఏ వూరు: ఇదే.
ఏమి పని: దోసకాయలు.
ఖాళీ చేసిన తేదీ గడిలో
తేదీ లేదు, ఒక్క మాట: నీళ్లు.
నిరుడు, అంతకు ముందేడు
ఆ గడి అట్లాగే వదిలేసి ఉంది.

నా తేదీ వేసి ఆరొందలిచ్చాను.
"నూటయాభై లెక్కే కదా?"
"ఫ్యాను తిరగలేదు గదా సార్" అని
సంచిలో ఒక దోసకాయ పడేశాడు.
పుత్తూరు దాటేదాకా బస్సంతా
తడిమట్టి వాసన.